మేకప్ ఆర్టిస్ట్ అవ్వాలంటే సర్టిఫికెట్ ఉండాల్సిందేనా? తిరుపతి, చిత్తూరు వైపు వాళ్ళు చెప్పండి

రేణిగుంట_పాప
అందరికీ నమస్తే. మాది రేణిగుంట పక్కన పల్లె, పోయినేడు బీకామ్ అయిపోయింది. చిన్నప్పట్నుంచి మేకప్ అంటే నాకు ప్రాణం, మా వీధిలో సీమంతం జరిగినా ఓణీల ఫంక్షన్ జరిగినా నేనే వేస్తా, ఇప్పటికి పదకొండు ఫంక్షన్లు చేసుంటా, మూడిటికి డబ్బులు కూడా ఇచ్చినారు. ఇంగ దీన్నే పనిగా పెట్టుకుందాం అనుకుంటా ఉండా. నాయనేమో ఏ పనికైనా ఒక కాగితం ఉండాల, లేకపోతే నిన్ను ఎవురు నమ్ముతారు అంటాడు. తిరుపతిలో ఒకచోట కనుక్కుంటే రెండు నెలల కోర్సుకి 1,20,000 చెప్పినారు, ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ఇస్తామన్నారు. చెన్నైలో 7 రోజుల మాస్టర్ క్లాస్ ఉందంట, అది 35,000. నాయన ఆవుల్ని అమ్మైనా కడతానంటాడు, అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు. ఈ పనిలో ఉండేవాళ్ళు నిజం చెప్పండి, సర్టిఫికెట్ లేకపోతే పని రాదా?

కాటుక_పెట్టె
పాపా, ముందు ఆవుల్ని అమ్మనీయద్దు.

నేను తిరుపతిలో తొమ్మిదేళ్ళుగా పెళ్ళికూతుళ్ళకి మేకప్ చేస్తా ఉండా. ఇన్నేళ్ళలో ఒక్క పెళ్ళికూతురు గానీ వాళ్ళమ్మ గానీ నీ సర్టిఫికెట్ చూపియ్యమ్మా అని అడగలేదు. అడిగేది ఒకటే, ఫోన్‌లో ఫొటోలు చూపియ్ అక్కా అని. ఇప్పుడు పిల్లలు ఇంకా తెలివిగా ఉండారు, ఫిల్టర్ లేకుండా పగటి వెలుతురులో తీసిన వీడియో ఉందా అంటారు.

అట్లని నేర్చుకోకుండా దిగిపొమ్మని కాదు నేను చెప్పేది. నాకు కోర్సు లేదు గానీ ఒక పెద్దామె దగ్గర రెండేళ్ళు వెనకాల పెట్టె మోసినా. మొదటి ఆరు నెలలు బ్రష్‌లు కడగడం, చీర కుచ్చిళ్ళు ఇస్త్రీ చేసి క్లిప్పులు పెట్టడం, పిన్నులు అందియ్యడం, ఇదే పని. ముఖం ముట్టుకోనిచ్చింది ఆ తర్వాతే.

మన దగ్గర పెళ్ళి ఎట్ల ఉంటుందో నీకు తెలుసు గదా. ముహూర్తం తెల్లారి నాలుగుకుంటే మేకప్ రాత్రి ఒంటిగంటకి మొదలుపెట్టాల. కల్యాణమండపంలో గది ఇస్తారు, అందులో ఒక ట్యూబ్‌లైటు, అద్దం ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, పక్కన పదిమంది చుట్టాలు బట్టలు మార్చుకుంటా ఉంటారు. పెళ్ళికూతురికి అప్పుడే నలుగు పెట్టి మంగళస్నానం చేయించి తీసుకొస్తారు, ముఖమంతా పసుపు పట్టేసుంటుంది. ట్రయల్ రోజు చూసుకున్న ఫౌండేషన్ షేడ్ ఆ రోజు సరిపోదు, దవడ దగ్గర ఒక రంగు మెడ దగ్గర ఒక రంగు కనపడతాది. ఇంగ బాసికం దారం నుదుటి మీద బిగిచ్చి కట్టేస్తారు, అది కదిలిన చోటల్లా బేస్ లేచిపోతుంది. జీలకర్ర బెల్లం తల మీద నుంచి కారి పాపిట్లోకి వస్తుంది, హోమం పొగకి కళ్ళల్లో నీళ్ళు, తలంబ్రాల పసుపు చెంపల మీద. ఇవన్నీ అయినాక కూడా తొమ్మిదింటికి ఫొటోగ్రాఫర్ ముందు నిలబడితే ముఖం ముఖం మాదిరి ఉండాల. ఇప్పుడు నేను బాసికం కట్టే చోట బేస్ పల్చగా వేసి పౌడర్ రెండుసార్లు ఒత్తుతా, పసుపు పట్టిన ముఖానికి షేడ్ మెడ చూసి కలుపుతా. దీన్ని నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు, మండపంలోనే నేర్చుకున్నా.

చిత్తూరు_పార్లర్_అక్క
కాటుక పెట్టె చెప్పింది నిజమే గానీ సగం నిజం. నేను చిత్తూరులో 18 ఏళ్ళుగా పార్లర్ నడుపుతా ఉండా, ఐటీఐలో కాస్మెటాలజీ చదివినా. పది పాసైన వాళ్ళెవరైనా చేరొచ్చు, ఏడాది కోర్సు, పరీక్ష పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. గవర్నమెంటు ఐటీఐలో సీటు వస్తే ఖర్చు తక్కువ. ఆ ఏడాదిలో నాకు మేకప్ కన్నా చర్మం గురించి నేర్పినారు, అదే ఈరోజుకీ నాకు అన్నం పెడతా ఉంది.

ఒకటి చెప్తా వినండి. నాలుగేళ్ళ కింద మా పార్లర్‌కి ఒక అమ్మాయి వచ్చింది, దుపట్టా ముఖానికి చుట్టుకుని. అక్క పెళ్ళికి ఎవరో కొత్తగా చేసే ఆమెతో మేకప్ వేయించుకుంది, కంటి రెప్పలకి లాషెస్ అంటించే జిగురు పడలేదు. రెప్పలు రెండూ వాచిపోయి కన్ను తెరవలేకపోతా ఉంది, పక్కన వాళ్ళమ్మ ఏడుస్తా ఉంది. నేను ఏమీ పూయలేదు, చల్లటి నీళ్ళ గుడ్డ పెట్టి నేరుగా స్కిన్ డాక్టర్ దగ్గరికి తోలినా. తర్వాత ఆ మేకప్ చేసినామెని అడిగితే ప్యాచ్ టెస్ట్ అంటే ఏందక్కా అనింది. చెవి వెనకాల గానీ మోచేతి లోపలి వైపు గానీ చుక్క పెట్టి 24 నుంచి 48 గంటలు చూడాలని ఆమెకి ఎవురూ చెప్పలేదు. ఆమె మంచి చేతి పని ఉండే మనిషే, ఫొటోలు చూస్తే బ్రహ్మాండంగా ఉంటాయి.

ఫొటోలో శుభ్రం కనపడదమ్మా. ఒకే మస్కారా బ్రష్ అయిదుగురి కళ్ళకి పెట్టినా ఫొటోలో కనపడదు. లిప్‌స్టిక్ నేరుగా పెదవికి పూసినారా, స్టీలు ప్లేటు మీదికి గీకి తీసుకున్నారా అనేది కనపడదు. డబ్బా తెరిచినాక ఎన్ని నెలలు వాడొచ్చో డబ్బా మీదే మూత తీసిన బొమ్మ పక్కన 6ఎమ్, 12ఎమ్ అని వేసుంటారు, అది చూసే వాళ్ళు మన ఊళ్ళో ఎంతమంది? మస్కారా అయితే తెరిచినాక మూడు నెలలే. అందుకే నేను కాగితం కావాలనే అంటా, కాగితం కోసం కాదు, ఆ కాగితం వెనక ఉండే ఏడాది చదువు కోసం.

మదనపల్లె_అన్న
నేను మేకప్ చేసేవాణ్ణి కాదు, మా చెల్లెలి కోసం ఫీజు కట్టిన వాణ్ణి. మూడేళ్ళ కింద ఒక అకాడమీలో చేర్పిచ్చినా, ఊరు పేరు చెప్పను. 90,000 కట్టినా, కిట్ దాంట్లోనే ఇస్తామన్నారు. మొదటి వారం అంతా ఒక మేడమ్ చేసి చూపిచ్చింది, వీళ్ళు ఫోన్లో వీడియో తీసుకున్నారు. మోడల్‌ని మీరే తెచ్చుకోవాల అన్నారు, మా చెల్లి రోజూ ఎవుర్ని తెస్తుంది మదనపల్లె నుంచి? ఒకరి ముఖం మీద ఒకరు వేసుకున్నారు, మొత్తం కోర్సులో దాని చేత్తో వేసింది ఆరు ముఖాలు. కిట్‌లో వచ్చినవి చూస్తే లైసెన్స్ నంబర్ లేదు, తయారు చేసినోళ్ళ అడ్రస్ లేదు. ఆఖర్న ఇచ్చిన సర్టిఫికెట్ మీద అయిదు సీళ్ళు ఉండాయి, ఇంటర్నేషనల్ అని బంగారు అక్షరాలు, ఆ పేరు వెతికితే ఒక వెబ్‌సైట్ తప్ప ఏమీ లేదు.

మా చెల్లి ఏడ్చింది చూడండి ఆ రోజు, ఇప్పటికీ నాకు గుర్తొస్తే కడుపులో దేవినట్టు ఉంటుంది. కాబట్టి రేణిగుంట పాపా, ఫీజు కట్టే ముందు రెండే అడుగు, నా చేత్తో ఎన్ని ముఖాలు వేయిస్తారు, ఈ సర్టిఫికెట్ ఇచ్చేది ఎవురు. ఫీజు మొత్తం ఒకేసారి కట్టొద్దు, రసీదు లేకుండా అసలే కట్టొద్దు.

కాటుక_పెట్టె
అన్నా, చదువుతా ఉంటేనే కష్టంగా ఉంది. చెల్లి ఇప్పుడు చేస్తా ఉందా?

మదనపల్లె_అన్న
చేస్తా ఉంది అక్కా, ఒక ఆంటీ దగ్గర మొదట్నుంచి మళ్ళీ నేర్చుకుంది. ఇప్పుడు పుంగనూరు, పీలేరు దాకా పోతుంది.

బ్యాంకు_కౌంటర్
నేను బ్యాంకులో చేస్తాను కాబట్టి డబ్బు వైపు నుంచి చెప్తాను. మన దేశంలో మేకప్ వేయడానికి లైసెన్స్ ఉండాలని ఏ చట్టమూ లేదు. షాపు తెరిస్తే కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ కావాలి, ఏడాదికి సర్వీసు మీద వచ్చేది 20 లక్షలు దాటితే జీఎస్టీ కట్టాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల నమోదు, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగానే అవుతుంది, దానికి ఎవరైనా వేలు అడిగితే ఇవ్వకండి. ముద్ర లోన్‌లో శిశు అంటే 50,000 దాకా, కిశోర్ అంటే అక్కడ్నుంచి 5 లక్షల దాకా, తాకట్టు అడగరు. నా కౌంటర్‌కి వచ్చే అమ్మాయిల్లో ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉన్న వాళ్ళ ఫైల్ కొంచెం సులువుగా కదులుతుంది, ఇది దాచి లాభం లేదు. కానీ సర్టిఫికెట్ లేకపోయినా ఆరు నెలలుగా ఫంక్షన్ల డబ్బులు ఫోన్‌పేలో అకౌంట్‌కి వచ్చినట్టు కనపడితే అది కూడా అంతే బలం. పాపా, నువ్వు ఇప్పట్నుంచే డబ్బులు చేతికి కాకుండా అకౌంట్‌కి తీసుకో.

ఇంకోటి, కేంద్ర ప్రభుత్వ పథకం కౌశల్ వికాస్ యోజన అని 2015 నుంచి ఉంది, అందులో బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ కోర్సులు ఉన్నాయి, ఫీజు ఉండదు. ఇప్పటికే పని తెలిసిన వాళ్ళకి వాళ్ళ పని చూసి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. కాటుక పెట్టె గారి లాంటి వాళ్ళకి అది బాగా పనికొస్తుంది. దగ్గర్లో సెంటర్ నడుస్తోందో లేదో కనుక్కుని చేరండి.

జాతర_వేషం
మాది తిరుపతే, తాతయ్యగుంట దగ్గర. గంగమ్మ జాతర వచ్చిందంటే మా ఇంటి ముందు తెల్లారకముందే మనుషులు కూర్చోనుంటారు. బైరాగి వేషానికి నామంకొమ్ము తెలుపు, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, ఆడవేషాలకి చీర కట్టు నగలు అన్నీ మా ఇంట్లో మగవాళ్ళు ఆడవాళ్ళు అందరం చేస్తాం. మా తాత వీధినాటకాలకి ముఖానికి రంగులేసేవాడు. మాకెవురిచ్చినారు సర్టిఫికెట్? చేతిలోంచి చేతిలోకి వచ్చింది.

అయినా చిత్తూరు అక్క చెప్పింది చదివినాక ఒకటి గుర్తొచ్చి రాస్తా ఉండా. మా తాత కాలంలో ముఖానికి అర్దళం రాసేవాళ్ళు, పసుపు పచ్చగా నిగనిగలాడేది, కిరసనాయిలు దీపం ముందు దేవుడి మాదిరి కనపడేవాళ్ళంట. అది పాషాణం, అంటే ఆర్సెనిక్ విషం. తాతకి వేళ్ళ చివర్లు పగిలి ఎప్పుడూ మానలేదు, మేము అది వయసు అనుకున్నాం. పని వంశంగా వచ్చినా దాంట్లో ఏమి కలుస్తుందో తెలిసినోళ్ళు చెప్పాల్సిందే. ఇప్పుడు నేను ముందు కొబ్బరినూనె పట్టిస్తా, పిల్లకాయలకి కంటి చుట్టూ బొగ్గు పెట్టను.

చిత్తూరు_పార్లర్_అక్క
తమ్ముడూ చానా మంచి మాట చెప్పినావు. ఇప్పటి అర్దళం ఏందో తెలుసా, బిల్లు లేకుండా అమ్మే తెల్లబరిచే క్రీములు. కొన్నిట్లో పాదరసం ఉంటుంది, కాస్మెటిక్స్ రూల్స్, 2020లో పాదరసం కలపకూడదని రాసుంది. లేబుల్ మీద తయారీ లైసెన్స్ నంబర్ లేని డబ్బాని నేను పార్లర్ గడప దాటనియ్యను.

పీలేరు_పెళ్ళికూతురు
నేను మేకప్ వేయించుకున్న దాన్ని, నా మాట కూడా వినండి. నేను నలుపు. చామనఛాయ అని మర్యాదకి అంటారు గానీ నలుపే, నాకు నా రంగు ఇష్టం. నా పెళ్ళికి గోడ నిండా సర్టిఫికెట్లు పెట్టుకున్న ఆమెని మాట్లాడుకున్నాం. నా ముఖం చూసి మొదట అన్న మాట, రెండు షేడ్లు తెల్లగా చేసేద్దాం ఏం భయపడొద్దు అని. వద్దక్కా నా రంగులోనే ఉంచండి అన్నా. వినలేదు. నిలబడి అద్దంలో చూసుకుంటే నా ముఖం బూడిద రంగులో ఉంది, చేతులు నా రంగులో ఉన్నాయి. ఫొటోల్లో ఫ్లాష్ పడిన చోటల్లా కళ్ళ కింద తెల్లటి మచ్చలు. నా పెళ్ళి ఆల్బమ్ నేను ఇప్పటికి రెండుసార్లు కూడా తిరగేయలేదు.

రిసెప్షన్‌కి మా పిన్ని కూతురు వేసింది, దానికి ఏ కాగితమూ లేదు. కంటి కింద ముందు నారింజ రంగు కరెక్టర్ పల్చగా అద్ది, నా దవడ మీద మూడు ఫౌండేషన్ షేడ్లతో గీతలు గీసి వాకిట్లోకి తీసుకెళ్ళి ఎండలో చూసి ఏది కలిసిపోయిందో అదే వేసింది. మా ఆయన ఆ రోజు నా ముఖం చూసి, ఇప్పుడు నువ్వు నువ్వు మాదిరి ఉండావు అన్నాడు. రేణిగుంట పాపా, నువ్వు ఏ కోర్సులో చేరినా చేరకపోయినా, నల్లటి ముఖాల మీద నేర్చుకో. మన ఊళ్ళల్లో పెళ్ళికూతుళ్ళు చానామంది నా రంగే.

కాటుక_పెట్టె
తల్లీ, నీ మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేసినా. నేనూ మొదట్లో ఒక రిసెప్షన్‌లో ఆ తెల్లమచ్చల తప్పు చేసినా. కళ్ళ కింద వేసే మెత్తటి తెల్ల పౌడర్ కంటికి మామూలుగానే కనపడుతుంది, ఫ్లాష్ పడితేనే బయటపడుతుంది. ఆ ఇంటికి పొయ్యి డబ్బులు వెనక్కి ఇచ్చేసినా, అప్పట్నుంచి పెళ్ళికూతుర్ని గదిలోంచి పంపే ముందు లైట్లు ఆర్పి ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూస్తా. రెండు నిమిషాల పని.

కోడంబాక్కం_నుంచి
మాది శ్రీకాళహస్తి, చెన్నైలో సీరియళ్ళకి మేకప్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను. సినిమా, టీవీ వైపు రావాలనుకునే వాళ్ళకి చెప్తున్నా, ఇక్కడ సర్టిఫికెట్ కన్నా యూనియన్ కార్డు ముఖ్యం, అది పని చేసిన రోజుల్ని బట్టి, చేర్చే పెద్దవాళ్ళని బట్టి వస్తుంది. ఆడవాళ్ళకి ఈ దారి దొరికిందే మొన్న మొన్న. ముంబైలో సినిమా మేకప్ వాళ్ళ అసోసియేషన్ మేకప్ మగవాళ్ళకే, ఆడవాళ్ళు హెయిర్ చేసుకోవాలి అని దశాబ్దాల పాటు కార్డు ఇవ్వలేదు. చారు ఖురానా అనే ఆమె కాలిఫోర్నియాలో మేకప్ స్కూల్లో చదివి వచ్చినా కూడా ఇవ్వలేదు. ఆమె కోర్టుకి వెళ్తే 2014 నవంబరు 10న సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లదని చెప్పింది. అంత పెద్ద స్కూలు కాగితం చేతిలో ఉన్నా తలుపు తీయడానికి సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. ఆమె వల్లే ఈరోజు నేను సెట్‌లో పెట్టె పట్టుకుని నిలబడగలుగుతున్నా, అందుకే ఈ సంగతి ఈ పనిలోకి వచ్చే ప్రతి ఆడపిల్లకీ చెప్తుంటా.

ఫ్రీమాంట్_కోడలు
నేను పుత్తూరు అమ్మాయినే, పెళ్ళయి కాలిఫోర్నియా వచ్చాను. ఇక్కడ కథ వేరు. డబ్బులు తీసుకుని మేకప్ చేయాలంటే స్టేట్ బోర్డు లైసెన్స్ ఉండాలి. ఎస్తెటీషియన్, అంటే చర్మ సంరక్షణ చేసేవాళ్ళ లైసెన్స్‌కి 600 గంటల చదువు, పరీక్ష. నేను తిరుపతిలో చేసిన కోర్సు కాగితం చూపించి పనిలో చేరదామనుకున్నా, కుదరలేదు, మళ్ళీ స్కూల్లో చేరాల్సొచ్చింది. ఆ 600 గంటల్లో శుభ్రం గురించి ఎంత చెప్తారంటే మొదట్లో విసుగొచ్చేది. ఇప్పుడు ఊరికొచ్చినప్పుడు ఎవరైనా ఒకే స్పాంజ్‌తో ఇద్దరికి వేస్తుంటే నా చేయి దానంతటదే వెళ్ళి ఆపేస్తుంది. విదేశాలకి వెళ్ళే ఆలోచన ఉంటే మాత్రం వెళ్ళబోయే చోట ఏది చెల్లుతుందో ముందు చూసుకోండి. ఇంటర్నేషనల్ అని రాసినంత మాత్రాన ప్రతి దేశంలో చెల్లదు. సిడెస్కో లాంటిది బ్యూటీ చదువులకి సర్టిఫికెట్ ఇచ్చే, 1946 నుంచి ఉన్న అంతర్జాతీయ సంస్థ, దానికి పేరుంది, ఆ పేరు చెప్పి ఎవరైనా ఫీజు అడిగితే ఆ సంస్థ సైట్‌లో ఆ స్కూలు పేరు ఉందో లేదో చూడండి.

తిరుచానూరు_బ్రైడల్స్
అందరూ మంచిగా చెప్తున్నారు గానీ నాకు ఒక బాధ ఉంది. రెండు ఫంక్షన్లు చేయగానే కార్డు కొట్టించుకుని 2,500కే పెళ్ళి మేకప్ అంటారు. కోర్సుకి డబ్బు కట్టి, మంచి కంపెనీ సామాన్లు కొని, అసిస్టెంటుకి జీతమిచ్చే మాలాంటి వాళ్ళని మీరు ఎక్కువ చెప్తున్నారు అంటారు. సర్టిఫికెట్ తప్పనిసరి చేస్తే ఈ గోల తగ్గుతుంది.

కాటుక_పెట్టె
అక్కా మీ బాధ నాకూ ఉంది, కానీ కాగితం తప్పనిసరి చేస్తే ఎవురు మిగులుతారో ఆలోచించండి. లక్ష కట్టగలిగినోళ్ళు మిగులుతారు. జాతర వేషం తమ్ముడి ఇల్లు మిగలదు, నేను మిగలను, ఈ రేణిగుంట పాప అసలు మొదలే పెట్టదు. 2,500కి చేసే పిల్ల చెడ్డది కాదు, దానికి తన సామాను ఖర్చు లెక్కేసుకోవడం ఎవురూ నేర్పలేదు. ఒక ముఖానికి ఎంత ఫౌండేషన్ పోతుంది, లాషెస్ ఎంత, ఆటో ఎంత, రాత్రంతా మేలుకున్నందుకు ఎంత అని రాసుకుంటే ఆ పిల్లే ఆ రేటు చెప్పదు.

చిత్తూరు_పార్లర్_అక్క
తప్పనిసరి అని నేనూ అనను. కానీ శుభ్రం, చర్మం, ప్యాచ్ టెస్ట్ ఈ మూడూ రాకుండా పక్కవాళ్ళ ముఖం ముట్టుకోవద్దు అంటా. అది ఐటీఐలో నేర్చుకుంటావా, ఉచిత కోర్సులోనా, నా దగ్గర కూర్చోనా, నీ ఇష్టం పాపా. బ్రష్‌లకి 70 శాతం ఆల్కహాల్ స్ప్రే, ఇద్దరి మధ్యలో ప్రతిసారీ. వారానికోసారి షాంపూతో కడిగి తలకిందులుగా ఆరబెట్టు, నిలబెడితే నీళ్ళు లోపలికి దిగి జిగురు ఊడి వెంట్రుకలు రాలతాయి.

రేణిగుంట_పాప
అందరివీ మూడుసార్లు చదివినా. నాయనకి కూడా చదివి వినిపిచ్చినా, మదనపల్లె అన్న రాసింది విని ఏమీ మాట్లాడకుండా లేచి పశువుల దగ్గరికి పోయినాడు, కాసేపటికి వచ్చి ఆవుల్ని అమ్మను గానీ నిన్ను ఊరికే ఉంచను అన్నాడు. ఆ 1,20,000 కోర్సు వాళ్ళకి ఫోన్ చేసి నా చేత్తో ఎన్ని ముఖాలు వేయిస్తారు అని అడిగినా, ముందు అడ్వాన్స్ కట్టండి మేడమ్ తర్వాత మాట్లాడుదాం అన్నారు. ఇంగ పోను. ఐటీఐకి అప్లికేషన్ ఎప్పుడు పెడతారో కనుక్కుంటా, ఈలోపు ఎవురి దగ్గరైనా పెట్టె మోస్తా. నా దగ్గర ఉండే మస్కారా ఏడాదిన్నరది, చిత్తూరు అక్క రాసింది చదివి పారేసినా. కాటుక పెట్టె అక్కా, కొండ మీద పెళ్ళిళ్ళకి కూడా చేస్తారా మీరు? అక్కడ జడ ఎట్ల వేస్తారో నాకు తెలీదు.

కాటుక_పెట్టె
చేస్తా. కొండ మీద పూలన్నీ స్వామికే గదా, మనం తల్లో పెట్టుకోం. కాబట్టి పూలజడ ఉండదు, సవరం పెట్టి అల్లి జడబిల్లలతోనే నిండుగా చూపియ్యాల, అల్లిక ఎక్కడ వదులైనా కనపడిపోతుంది. రాత్రి ఘాట్ రోడ్డు మూసేస్తారు కాబట్టి ముందురోజు సాయంత్రమే ఎక్కేస్తాం, అలిపిరిలో పెట్టె మొత్తం తెరిచి చూపియ్యాల, ఎట్ల సర్దుకోవాలో నీకు అప్పుడు చెప్తా.

ముందు కింద నుంచి మొదలుపెట్టు. శుక్రవారం తెల్లారి తిరుచానూరు దగ్గర ఒక పెళ్ళి ఉంది, ముహూర్తం 4:40. నేను గురువారం రాత్రి 12:30కి మండపంలో ఉంటా. మీ నాయన్ని తోడు తెచ్చుకో, రాత్రి పూట ఒక్కదానివే రావద్దు. గోళ్ళు కత్తిరిచ్చుకో, జుట్టు గట్టిగా ముడేసుకో, అన్నం తినేసి రా. ఆ రోజు ముఖం ముట్టుకునేది ఉండదు, కుచ్చిళ్ళు పట్టుకుని పిన్నులు అందియ్యడమే. అయిదొందలు ఇస్తా, అకౌంట్‌కే వేస్తా.

రేణిగుంట_పాప
వస్తానక్కా. నాయన కూడా వస్తానన్నాడు, ఫ్లాస్క్‌లో టీ తెస్తాడంట.